అరుస్తూ ఆడుకోండర్రా

ఒక పైసా బిళ్ళ నలుపలకలు. మూడు పైసలది ఆరుపలకలు. అయిదు పైసలది మళ్ళీ నలుపలకలే గానీ కాస్త పెద్దది, మూలలు నున్నగా ఉండేవి. రెండు పైసలకీ పది పైసలకీ అంచు చుట్టూ వంకీలు, పది పైసలది వెడల్పు. పావలా, అర్ధరూపాయి, రూపాయి గుండ్రం, ఒకదాన్ని మించి ఒకటి బరువు. ఈ పాఠం నాకు బళ్ళో ఎవరూ చెప్పలేదు, మా అప్ప చెప్పింది. వేసవి మధ్యాహ్నాలు చిల్లర డబ్బా చాప మీద గుమ్మరించి, కళ్ళకి తువ్వాలు కట్టుకుని, ఎవరు ముందు వేరుచేస్తారో పందెం వేసుకునేవాళ్ళం. అప్పకి తువ్వాలు అక్కర్లేదు. ప్రతిసారీ తనే గెలిచేది, గెలిచిన చిల్లరతో మాకే ఐసుఫ్రూట్లు కొనిపెట్టేది.

అప్ప మా పెదనాన్నగారి పెద్దమ్మాయి. మా విజయనగరం వైపు అక్కని అప్ప అనే పిలుస్తాం. నాకంటే పదేళ్ళ పైన పెద్ద. నాలుగో ఏట మశూచి వచ్చి రెండు కళ్ళూ పోయాయి. అమ్మవారు పోసిందనేవాళ్ళు ఊళ్ళో. మశూచి దేశంలో లేకుండా పోయిందని 1977లో ప్రకటించినప్పుడు ఆ వార్త రేడియోలో విని, "కాస్త ముందుగా పోవలసింది" అని పేపరు చదవమంది నన్ను. హైదరాబాదులో హాస్టల్లో ఉండి చదువుకుని అప్పటికి కొత్తగా ఇంటికి వచ్చింది. చేతిలో తెల్లరంగు వేసిన పొడుగు కర్ర, పెట్టెలో బ్రెయిలీ పలక, నోట్లో మొహమాటం లేని మాట, ఈ మూడూ అక్కడినించి తెచ్చుకుంది.

మా ఇల్లు అయ్యకోనేరుకి వెనక వీధిలో ఉండేది. రెండు రిక్షాలు ఎదురైతే ఒకటి అరుగు వార ఒదిగి నిలబడాలి, అంత ఇరుకు. ఇంటికో అరుగు, మధ్యలో వీధి కుళాయి, మలుపులో పిండిమర, చివర వేపచెట్టు కింద ఇస్త్రీ బండి. అప్ప వచ్చిన కొత్తలో, కర్ర చప్పుడు వినబడగానే మేమంతా ఆట ఆపేసేవాళ్ళం. గోలీలవాళ్ళు గోలీలు ఏరుకుని గోడకి అంటుకుపోయేవారు. కర్రాబిళ్ళ వాళ్ళు కర్ర వీపు వెనక దాచి ఊపిరి బిగబట్టి నిలబడేవారు. అరుగుల మీది పెద్దలు మా మర్యాద చూసి మురిసిపోయేవారు. అప్పకి మాత్రం ఆ మర్యాదతో ప్రాణం మీదికి వచ్చేది. ఒకరోజు వీధి నడిమధ్యన ఆగిపోయి కర్ర నేలకి కొట్టింది.

"ఎందుకర్రా నోళ్ళు మూసుకుంటారు? మీరు అరుస్తూ ఉంటే ఎంతమంది ఉన్నారో, ఎటు ఉన్నారో, మధ్యలో సందు ఎక్కడుందో నాకు తెలుస్తుంది. ఊరుకున్నారంటే గోడకీ మీకూ తేడా తెలీదు. అరుస్తూ ఆడుకోండర్రా."

పిల్లలకి ఇంతకంటే మంచి ఆజ్ఞ ఎవరిస్తారు? ఆ రోజునించీ అప్ప వస్తోందంటే మా వీధి గొంతు పెరిగేది. పెద్దవాళ్ళు కోప్పడితే "అప్పే చెప్పింది" అనేవాళ్ళం. తర్వాత తర్వాత చప్పుళ్ళ సంగతి అప్ప నాకు విడమరిచి చెప్పింది. తెరిచిన గుమ్మం ముందు కర్ర చప్పుడు లోపలికి పోతుందిట, మూసిన తలుపు ముందు వెనక్కి తిరిగి వస్తుందిట. పిండిమర తిరుగుతుంటే మలుపు ఎంత దూరమో లెక్క దొరుకుతుంది. అది ఆగిపోయిన రోజున బొగ్గుల వాసనని బట్టి ఇస్త్రీ బండి దాకా వెళ్ళి, అక్కణ్ణించి వెనక్కి లెక్కపెట్టుకోవాలి. ఈ లెక్కలన్నీ తను వేసుకుంటుంది. మనం చెయ్యవలసిందల్లా ఆ లెక్కలు తప్పకుండా చూడడం. అందుకని సైకిళ్ళన్నీ వీధికి ఒకే పక్కన ఆనించాలన్న కట్టుబాటు వచ్చింది. ఎవరు పెట్టారో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. కొత్తగా వచ్చిన చుట్టాలు రెండో పక్కన సైకిలు పెడితే ఏ ఇంటి పిల్లలైనా వెళ్ళి జరిపేసేవారు.

ఒక వేసవిలో గొట్టాల కోసం వీధికి అడ్డంగా గొయ్యి తవ్వి వదిలేశారు ఎవరో. అరుగుల మీదనించి అందరూ "జాగ్రత్త, జాగ్రత్తమ్మా!" అని ఒకేసారి కేకలు పెట్టారు. అప్ప రాయిలా నిలబడిపోయింది. నిలబడక ఏం చేస్తుంది? ఎటు జాగ్రత్త? పైనా, కిందా, ముందా, పక్కనా? ఇస్త్రీ బండి ఆయన ఒక్కడే పెట్టె పక్కన పెట్టి, అరవకుండా మాట్లాడాడు. "అమ్మాయిగారూ, మీకు నాలుగడుగుల్లో గొయ్యుంది. మోకాలు లోతు. కుడిచేతి పక్క గోడ వార అడుగు వెడల్పు నేల గట్టిగా ఉంది." అప్ప గోడకి చెయ్యి ఆనించి, కర్రతో అంచు చూసుకుని దాటేసింది. ఆయన లేచి రాలేదు, చెయ్యి పట్టుకోలేదు. ఆ ఒక్క మాటలో కొలత ఉంది, దిక్కు ఉంది, దారి ఉంది. అప్ప ఆ తర్వాత ఎవరికి దారి చెప్పడం నేర్పాలన్నా "ఇస్త్రీ ఆయన దగ్గరికి పోయి నేర్చుకో" అనేది.

కొట్టు శెట్టిగారు మాత్రం ఒక్క దెబ్బకి నేర్చుకున్నారు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన అప్పని చూసి, పక్కనున్న నన్ను అడిగారు, "అప్పకి ఏం కావాలంట?" అని. నాకప్పుడు పప్పుకీ ఉప్పుకీ ధర తెలీదు. "అప్ప ఇక్కడే ఉంది శెట్టిగారూ, అప్పనే అడగండి" అంది తను నవ్వుతూనే. ఆయన నాలిక కరుచుకుని, అప్పట్నించీ తనతోనే మాట్లాడేవారు. నోట్లు తిరిగిచ్చేటప్పుడు ఒక్కోటీ చేతిలో పెడుతూ "అయిదమ్మా, రెండమ్మా, ఇంకో రెండమ్మా" అని పైకి చెప్పేవారు. అప్ప అక్కడికక్కడే అయిదుని అడ్డంగా మడిచి, పదిని నిలువుగా మడిచి, రెండు రూపాయల్ని మడవకుండా పర్సులో పెట్టుకునేది. ఆ తర్వాత ఎవర్నీ అడగక్కర్లేదు. ఆయన ఏ నోటుకి ఏ పేరు చెబితే అదే నమ్మాలి కదా అని నేనొకసారి అడిగితే, "నువ్వు తరాజుని నమ్మట్లేదా?" అంది.

నడవడం గురించి ఇప్పుడు చెప్పాలి. నాకు మోచెయ్యి ఎత్తు చాలని వయసులో అప్ప నా భుజం మీద చెయ్యి వేసి నడిచేది. ఎదిగాక మోచేతికి కాస్త పైన పట్టుకునేది, బొటనవేలు బయటికి, మిగతా నాలుగు వేళ్ళు లోపలికి. నాకంటే అరడుగు వెనక ఉండేది. పట్టుకునేది తను, నేను కాదు. అసలు కిటుకంతా అక్కడే ఉంది. నేను ఆగితే తనకి తెలుస్తుంది. మెట్టు ఎక్కితే నా చెయ్యి లేస్తుంది, దిగితే వాలుతుంది, వేరే చెప్పక్కర్లేదు. ఇరుకు సందు వస్తే నా చెయ్యి వీపు వెనక్కి పెడతాను, తను నా వెనక్కి వస్తుంది. కుర్చీ దగ్గరికి చేరాక తన చెయ్యి కుర్చీ వీపు మీద పెడితే చాలు, మిగతాది తనే చూసుకుంటుంది. నా నడక నచ్చకపోతే చెయ్యి వదిలేసే హక్కు తనది. అదే రెక్క పుచ్చుకుని నెట్టుకుపోయేవాళ్ళతో అయితే వదిలించుకోవడానికి పెనుగులాడాలి.

కర్ర ఊపుతూ నడిచే పద్ధతి రెండో ప్రపంచయుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం అమెరికాలో రిచర్డ్ హూవర్ అనే ఆయన రూపొందించినది. కర్ర కొన అటూ ఇటూ ఊగుతూ తర్వాతి అడుగు పడబోయే చోటుని ముందే చూసి వస్తుంది. యుద్ధం నించి హైదరాబాదు హాస్టలు దాకా, అక్కణ్ణించి అయ్యకోనేరు దాకా వచ్చిన ఆ కర్ర మా నాయనమ్మకి కంటగింపు. "పెళ్ళి కావలసిన పిల్ల చేతిలో ముసలివాళ్ళ కర్రేమిటే, నలుగురికీ తెలిసిపోదూ" అనేది. అప్ప "తెలియాలనే నాయనమ్మా తెల్లరంగు వేసింది" అనేది. వాళ్ళిద్దరి మధ్యా ఈ తగవు నాయనమ్మ పోయేదాకా తెగలేదు.

నాకు తెలిసి అప్పని ఎక్కువ ఇబ్బంది పెట్టినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. చెడ్డవాళ్ళు పక్కకి తప్పుకుని పోయేవారు, అంతే. దయగలవాళ్ళతోనే వచ్చేది చిక్కు. బొబ్బిలి వెళ్ళడానికి బస్సు కోసం నిలబడితే ఒక పెద్దాయన ఎక్కణ్ణించో వచ్చి, రెక్క పుచ్చుకుని, జనాన్ని తోసుకుంటూ శ్రీకాకుళం బస్సు ఎక్కించాడు. ఒకాయన్ని లేపి సీటు ఇప్పించాడు. "అమ్మాయికి చూపు లేదు, కాస్త చూసి దింపండి" అని బస్సంతటికీ అప్పజెప్పి దిగిపోయాడు. కండక్టరు టికెట్టు కొట్టే వేళకి గానీ సంగతి తేలలేదు. "ఆయన పుణ్యం ఆయనకి దక్కింది, నా రూపాయిన్నర పోయింది" అని అప్ప ఈ కథ చెప్పి చెప్పి నవ్వేది. ఇంకో రకం ఉండేవారు. పెళ్ళిళ్ళలో మీద మీదికి వచ్చి, గొంతు మార్చి, "నేనెవరో చెప్పుకో చూద్దాం!" అనేవారు. పదేళ్ళ కిందట ఒక్కసారి విన్న గొంతు గుర్తుండాలి, గుర్తు లేకపోతే వాళ్ళకి కోపం. అప్ప "తెలీదండీ, మీరు నాకు అంత గుర్తుండలేదు" అనేసేది. నిజానికి ఆ గొంతు ఎవరిదో తనకి తెలిసే ఉండేదని నా అనుమానం.

ఇంట్లో అందరికంటే బాగా మసులుకున్నది మా అమ్మ. ఆవిడ జాలి మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు. నాయనమ్మ "ఆ కళ్ళేవో నావి తీసుకోరాదా దేవుడు" అని ఏడుస్తుంటే అమ్మ అక్కణ్ణించి లేచిపోయి, వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటే అప్పకి వీలో అప్పనే అడిగి అక్కడ పెట్టింది. ఉప్పు పొయ్యికి ఎడమపక్క, కారం దాని వెనక, పంచదార పై అరలో. పోపుల పెట్టెలో గిన్నెల వరస మారకూడదు. కత్తిపీట వాడాక గోడ వారకి, పదును గోడవైపు తిప్పి పెట్టాలి. ఇవి అప్ప కోసం అని అమ్మ ఎవరికీ చెప్పలేదు. ఇంటి పద్ధతి అంది. అట్టు కాలిందో లేదో అప్ప చప్పుడుని బట్టి చెప్పేది. పిండి వేసినప్పటి బుసబుస తగ్గి, అంచు దగ్గర సన్నగా చిటపట మొదలైతే తిప్పాలి. ఇప్పటికీ నేను అలాగే తిప్పుతాను, కళ్ళు సీరియల్ మీద ఉంచి.

ఒక పిన్ని పండక్కి వచ్చి, మేమంతా గుడికి వెళ్ళిన వేళ వంటిల్లంతా కడిగి, డబ్బాలన్నీ తోమి, పొట్టివి ఒక వరస, పొడుగువి ఒక వరస సర్దింది. సాయంత్రం అప్ప ఉప్పు వేసి కలిపిన కాఫీ పెదనాన్న తాగి, "బాగుందమ్మా" అని గ్లాసు కింద పెట్టారు. అమ్మ పిన్నిని ఒక్క మాట అనలేదు. అమ్మా అప్పా కూర్చుని ఒక్కో డబ్బా మూత తీసి వాసన చూసి, మళ్ళీ వాటి వాటి చోట్లకి చేర్చారు. పెదనాన్న మీద మాత్రం అప్పకి కోపం వచ్చింది. "ఉప్పగా ఉందని చెప్పరేం? చెప్తేనే కదా డబ్బాలు మారాయని నాకు తెలిసేది" అని. ఆ ఇంట్లో అబద్ధపు మెచ్చుకోలు ఆ రోజుతో ఆగిపోయింది. మా అందరి వంటలకీ అది కొంత నష్టమే.

విజయనగరంలో పుట్టి చూపు లేదంటే ఇంకో బెడద ఉంది. ఇది 1919లో మొదలైన సంగీత కళాశాల ఉన్న ఊరు, ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారికి చూపు మందం. ఫిడేలు పాఠం చెప్పడానికి చేరి, 1936లో ఆ కళాశాలకే అధ్యక్షులయ్యారు. ఇంక అడగాలా? ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ "పిల్లని సంగీతంలో పెట్టండి, ద్వారం వారు చూడండి ఎంతవారయ్యారో" అనేవారు. అప్పకి గొంతు లేదు, శ్రుతి నిలవదు. రెండు నెలలు సరళీ స్వరాలు పాడాక పాఠం చెప్పే మాస్టారే చేతులెత్తేశారు. "కళ్ళు పోయిన వాళ్ళందరికీ దేవుడు ఫిడేలు ఇస్తాడా? ద్వారం వారు వాయించింది వేళ్ళతో, చూపు మందంతో కాదు" అనేది అప్ప. తనకి కావలసింది చరిత్ర. రాజులూ యుద్ధాలూ సంధి పత్రాలూ. అది చదవాలంటే పుస్తకాలు కావాలి. ఆ పుస్తకాలు బ్రెయిలీలో లేవు.

అలా నేను తన కళ్ళజోడునయ్యాను. మధ్యాహ్నం బడి వదిలాక గంటసేపు నేను చదవడం, తను పలక మీద టకటకా పొడుచుకోవడం. మందపాటి కాయితాన్ని చట్రంలో బిగించి, గళ్ళున్న రేకు కింద మొద్దు సూదితో కుడినించి ఎడమకి పొడుస్తారు. కాయితం తిప్పితే చుక్కలు పైకి లేచి, ఎడమనించి కుడికి చదువుకోవచ్చు. ఆరు చుక్కలు, అరవై మూడు కూర్పులు, అందులోనే భాషంతా. భారతీయ భాషలన్నిటికీ కలిపి 1951లో ఖాయం చేసిన భారతి బ్రెయిలీలో మన క, హిందీ క ఒకే చుక్కలు. నాకు అన్నిటికంటే వింతగా అనిపించింది గుణింతం. అక్కడ గుడులూ కొమ్ములూ లేవు. కి రాయాలంటే క, పక్కన ఇ. కింద వేలాడే వత్తులు లేవు, ముందు ఒక చుక్క పెట్టి అక్షరాలు వరసగా రాసుకుపోవడమే. తెలుగుని పరుపు దులిపి నేల మీద చాపగా పరిచినట్టు ఉండేది. రెండో తరగతి చదివే మా తమ్ముడికి కాయితం మీది తెలుగు కంటే అదే ముందు పట్టుబడింది. వాడు బళ్ళో బ్రెయిలీ చీటీలు పంపేవాడు, మాస్టార్లకి దొరికినా చదవలేరని.

చదివి పెట్టడంలో నియమాలు ఉండేవి. బొమ్మ ఉంటే బొమ్మ ఉందని చెప్పాలి, కింద రాసింది చదవాలి. విసుగొచ్చిన పేరా దాటెయ్యకూడదు, విసుగో కాదో తను తేల్చుకుంటుంది. గదిలోంచి లేచి వెళ్తుంటే వెళ్తున్నానని చెప్పాలి. లేకపోతే తను ఖాళీ కుర్చీతో అక్బరు గురించి మాట్లాడుతూ ఉంటుంది.

చూసింది చెప్పడంలో అసలు పరీక్ష మాత్రం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. దసరా వెళ్ళిన మంగళవారం, మూడు లాంతర్ల దగ్గరి చదురుగుడినించి కోట దాకా మూడుసార్లు సిరిమాను తిరుగుతుంది. చింతమాను, యాభై అడుగుల పైమాట. కొన మీద ఆసనం కట్టి పూజారి కూర్చుంటాడు. మేము చుట్టాల మేడ మీద చేరేవాళ్ళం. తమ్ముడు "అబ్బ! భలే వస్తోందే అప్పా!" అని గెంతేవాడు. "భలేగా ఉందని ఇన్నివేల గొంతులు చెప్తున్నాయి కదరా. ఏముందో చెప్పు" అనేది అప్ప. అప్పుడు నా వంతు. ముందు ఏది, వెనక ఏది. పాలధార ముందు నడుస్తోంది, వెదురు కర్రలు పైకెత్తి పట్టుకున్నారు. బెస్తవారి వల కర్రల మీద వేలాడుతోంది. తెల్ల ఏనుగు బండి ఊగుతోంది. మాను ఇప్పుడు మనకి ఎదురుగా, మన పిట్టగోడ కంటే ఒక మనిషి ఎత్తు పైన ఉంది. కొన తిన్నగా లేదు, ప్రతి అడుగుకీ కిందికి వంగి మళ్ళీ లేస్తోంది. పూజారి కుడిచేతిలో విసనకర్ర. అరటిపళ్ళు కిందనించి మీదికి లేస్తున్నాయి, చాలామటుకు తగలకుండా మళ్ళీ జనం మీదే పడుతున్నాయి. "ఎవరికి తగిలింది?" అనేది అప్ప వెంటనే. ఒక పోలీసాయన టోపీకి. అప్ప పకపకా నవ్వేది, అందరి నవ్వూ ఆగాక కూడా. "అయ్యో, చూడలేకపోయావు కదమ్మా" అని పక్కావిడ నిట్టూరిస్తే, "మీరు పోలీసు టోపీ చూశారా?" అని అడిగేది. ఆవిడ చూడలేదు.

1982లో అప్ప ప్రైవేటుగా ఆంధ్రా యూనివర్సిటీ బి.ఏ. పరీక్షకి కట్టింది. తను చెప్పేది రాయడానికి తనకంటే తక్కువ చదివినవాళ్ళు కావాలన్నారు. తొమ్మిదో తరగతి చదివే నన్ను తీసుకెళ్ళింది. గదులన్నీ దాటి వరండా చివర మాకో చీకటి గది. పర్యవేక్షణకి వచ్చిన లెక్చరరుగారు మంచాయన. అప్పని చూసి ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "ఏమైనా తట్టకపోతే చెప్పమ్మా, ఒకటి రెండు పాయింట్లు అందిస్తాలే" అన్నారు. అప్ప లేచి నిలబడి, "పాయింట్లు వద్దండి. ఈ బల్ల కిటికీ దగ్గరికి జరిపించండి, మా చెల్లికి వెలుతురు చాలట్లేదు" అంది. ఆయన ఒక్క క్షణం తెల్లబోయి, ప్యూనుని పిలవకుండా తనే ఒక పక్క పట్టుకుని బల్ల జరిపారు. ఆ తర్వాత ప్రతి పరీక్షకీ మేము వచ్చేసరికి బల్ల కిటికీ దగ్గరే ఉండేది.

రాయడం అంటే చేతిని అద్దెకివ్వడం. ముందు ప్రశ్నపత్రం మొత్తం, మార్కులతో సహా, రెండుసార్లు చదవాలి. ఏది ముందు రాయాలో తను చెబుతుంది. కామా, పేరా కూడా తనే చెబుతుంది. తడుముకుంటూ ఆగితే ఆఖరి వాక్యం మళ్ళీ చదివి వినిపించాలి. నిట్టూర్చకూడదు, "అంతేనా?" అనకూడదు, మొహం చూసి కాకపోయినా ఊపిరిని బట్టి తెలిసిపోతుంది. బొబ్బిలి యుద్ధం మీద ప్రశ్న వచ్చింది. 1757, బుస్సీ, విజయరామరాజు. బొబ్బిలికి అట్టే దూరం కాని ఊళ్ళో పుట్టినదాన్ని, తాండ్ర పాపారాయుడి కథ మా ఇంట్లో అన్నాలప్పుడు చెప్పుకునేదే. అప్ప ఫ్రెంచివాళ్ళ ఫిరంగుల గురించి చెబుతోంది, ఉత్తర సర్కారుల్లో శిస్తుల తగాదా గురించి చెబుతోంది, పాపారాయుడు రావట్లేదు. నా కలం కొన దాకా వచ్చి నిలబడ్డాడాయన. తను చెప్పలేదు, నేను రాయలేదు. బయటికి వచ్చాక అడిగితే, "కారణాలు రాయమన్నాడు, వీరగాథ కాదు" అంది. మార్కులు ఎన్ని వచ్చినా అవి పూర్తిగా తనవే.

అప్పట్లో అదనపు సమయం ఇవ్వడం ఇవ్వకపోవడం ఎవరి దయని బట్టి వాళ్ళది. 2013లో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చి, గంటకి కనీసం ఇరవై నిమిషాలు అదనంగా ఇవ్వాలంది. అప్ప అప్పటికి సోషల్ టీచరుగా మూడు ఊళ్ళు మారి రిటైర్మెంటుకి దగ్గర్లో ఉంది. తన దగ్గర చదివిన పిల్లలు ఇప్పటికీ ఎదురైతే ముందు పేరు చెప్పి తర్వాత నమస్కారం పెడతారు.

ఇప్పుడు అప్ప విశాఖలో ఉంటోంది. నాణేలన్నీ ఒకే తీరు అయిపోయాయని సణుగుతుంది. 2016 తర్వాత వచ్చిన నోట్లు పొట్టివైపోయి పాత కొలతలన్నీ తప్పాయి. రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన మణి యాప్ కెమెరాతో చూసి ఏ నోటో చెబుతుంది గానీ, సంతలో ఫోను తీసి నోటు మీద పట్టుకుని నిలబడడం అప్పకి నచ్చదు. ఫుట్‌పాత్ మీద పసుపుపచ్చ గీతల పలకలు వేశారు. వాటి వెంట నడిస్తే కొన్నిచోట్ల తిన్నగా నిలిపి ఉన్న మోటారు సైకిలు దగ్గరికి చేరుస్తాయి.

కానీ తన అసలు పోరు పుస్తకాలతోనే. కంప్యూటరు తెర మీది అక్షరాలని చదివి వినిపించే ఎన్‌వీడీఏ 2006నించీ ఉచితంగా దొరుకుతోంది, తెలుగూ చదువుతుంది. చదవడానికి తెలుగు ఉండాలి కదా. మన పత్రికలూ ప్రచురణకర్తలూ చాలామంది ఇప్పటికీ అను ఫాంట్లలో పేజీలు కడతారు. కంటికి అది చక్కటి తెలుగు. యంత్రానికి అది అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల కుప్ప. యూనికోడ్‌లో ఉంటే అప్ప ఆ క్షణమే చదువుకుంటుంది. చూపులేనివారికి చదివే రూపంలో పుస్తకాలు అందించడానికి అడ్డొచ్చే కాపీరైట్ చిక్కులు తీసిన మరకేష్ ఒప్పందాన్ని అందరికంటే ముందు, 2014లోనే, ఆమోదించిన దేశం మనది. చట్టం దారి ఇచ్చింది, ఫాంటు ఇవ్వలేదు.

తను చందా కట్టే ఒక మాసపత్రికకి ఫోను చేసి యూనికోడ్ ఫైలు అడిగింది. "పాపం, మీలాంటివాళ్ళ కోసం మంచి గొంతుతో ఎవరిచేతనైనా చదివించి పంపుతామండి" అన్నారట. "మంచి గొంతు వద్దు బాబూ, ఫైలు పంపు చాలు. ఏది చదవాలో, ఏది దాటెయ్యాలో నేను చూసుకుంటాను" అంది. నాలుగైదుసార్లు అడిగాక పంపారు. మరుసటి వారం అప్ప వాళ్ళకి అచ్చుతప్పుల పట్టిక తిరుగు టపాలో పంపింది. యంత్రం రాసింది రాసినట్టు చదువుతుంది, దీర్ఘం ఎగిరిపోతే చెవికి వెంటనే తగులుతుంది. కంటితో చదివేవాళ్ళు అర్థం తెలుసు కాబట్టి దాటుకుపోతారు. రెండు నెలలు అలా పట్టికలు అందుకున్నాక ఆ పత్రికవాళ్ళు అచ్చుకి ముందే ఫైలు పంపడం మొదలుపెట్టారు, ప్రూఫు దిద్దినందుకు డబ్బు కూడా ఇస్తున్నారు. ఈ నెల పట్టిక నాకూ ఒక ప్రతి పంపింది. మొదటి తప్పు సంపాదకీయంలో, మూడో వాక్యంలో.